ఇరవై ఏడో కిటికీ చుక్కలు

దుమారం 3వ రోజు

ఈ పుస్తకంలో అంకెలు తప్ప మరేమీ రాయకూడదని బుల్లబ్బాయి గారు పుస్తకం చేతికిచ్చిన రోజే చెప్పారు. ఎన్ని ఫోటోలు వచ్చాయి, ఎన్ని తుడిచాను, అంతే. ఆయన అద్దాల మేస్త్రీ, గుమ్మటాల్లో వేడి లెక్క కూడా ఆయన చేతిలోదే, ఆయన మాట కాదనను. అంకెలూ రాస్తాను. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఈ గదిలో ఒక్కదాన్నే కూచునే మనిషిని, అంకెలతో ఎంతసేపని కాలక్షేపం చేస్తాను? అందుకని మిగతావి కూడా రాస్తాను. నచ్చకపోతే ఆయన చదవడం మానుకోవచ్చు.

నా పేరు భ్రమరాంబ. నా పని మసక తీయడం. మా ఊళ్లో అరవై మూడు కిటికీలున్నాయి. కిటికీకి ఇవతల మేము, అవతల ఊపిరి నిలవని ఎర్ర నేల. మధ్యలో ఉన్నది అద్దం ఒక్కటే కాబట్టి దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండాలి. పొద్దున్న టీ తాగే ముందు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు నేల మీద గీసిన గుర్తు దగ్గర నిలబడి కిటికీకి ఫోటో తీసి నాకు పంపుతారు. నేను వాటిని శుభ్రం చేసి అద్దాలవాళ్లకు ఇస్తాను. అద్దాలవాళ్లు మొత్తం ముగ్గురు. ఊరంతా రోజూ తిరిగి చూడలేరు, ఫోటోలే వాళ్ల కళ్లు.

దుమారం లేచి మూడు రోజులైంది. మిట్టమధ్యాహ్నం కూడా బయట ఇటుకపొడి రంగు చీకటి. వెలుతురు చాలకపోతే కెమెరా తడబడుతుంది, ఫోటో నిండా నలుసులు పడతాయి. దానికి తోడు తీసేవాళ్ల చెయ్యి వణికితే అంతా అలుక్కుపోతుంది. మామూలు రోజుల్లో మూడేసి ఫోటోలు తీయించేదాన్ని. నలుసుకు నిలకడ ఉండదు. ఒక ఫోటోలో ఇక్కడుంటే ఇంకోదాంట్లో ఇంకెక్కడో ఉంటుంది. మూడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చితే నలుసులు వాటంతటవే పోయి, నిజంగా ఉన్నది మిగులుతుంది. ఇప్పుడు సౌరపలకల మీద ధూళి పేరుకుని కరెంటు సగమైంది. ఇంటికి ఒక్క ఫోటో చాలు, తుడిచాక అసలు ఫోటో చెరిపెయ్యండి అని పైనుంచి ఆజ్ఞ. ఒక్క ఫోటోలో ఏది నలుసో ఏది కాదో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. నేను చెప్పాలి. ముప్ఫై ఏళ్లుగా చెప్తున్నాను, ఇప్పుడూ చెప్తాను.

వచ్చినవి 63. తుడిచినవి 63.

దుమారం 5వ రోజు

ఇరవై ఏడో కిటికీ నా కోడలిది.

హైమ సొరంగం పిల్ల. గనుల దగ్గర నేల కింద పుట్టి, అక్కడే పెరిగింది. మావాడు తారకం చేసుకుంటానంటే కాదనడానికి నా దగ్గర కారణం దొరకలేదు. కుజుడి మీద పుట్టిన వాళ్లందరికీ కుజదోషమే, కాబట్టి ఇక్కడ జాతకాల సాకు కూడా చెల్లదు. పిల్ల మంచిదే. కానీ ఆ అమ్మాయికి పద్ధతులేవీ తెలియవు. కూరలో పోపు చివర వేస్తుంది. పండగ రోజు తలంటుకోమంటే నీళ్ల లెక్క అడుగుతుంది.

ఇప్పుడు ఎనిమిదో నెల. కాన్పు ముందే వచ్చేలా ఉంది, మంచం దిగకూడదు, ఎవరూ ఎత్తి కదపకూడదు అని డాక్టరు చెప్పారు. హైమ కాన్పుకని మూడో రోజే సొరంగం నుంచి వచ్చి పడమటి గుమ్మటంలో ఉంది, నేనున్నది తూర్పు గుమ్మటంలో. వేడి మిగల్చడానికి రెంటి మధ్యా దారి మూసేశారు. తారకం పలకలు తుడిచే జట్టుతో బయట మకాంలో ఉన్నాడు, దుమారం తగ్గేదాకా రాలేడు. పక్కగదిలో నర్సు ఎస్తేరు గారు ఉన్నారు కాబట్టి నాకు కొంత ధైర్యం. రోజూ గుర్తు దగ్గర నిలబడి హైమ ఫోన్‌తో కిటికీ ఫోటో తీసేదీ ఆవిడే.

ఈ పూట ఫోటోలో ఒక వింత కనిపించింది. అద్దం మీద కుడివైపు కింది మూలలో సుద్దముక్కతో చిన్న ముగ్గు వేసింది. మంచం కిటికీకి ఆనించి ఉంది, పడుకుని చెయ్యి చాపితే ఆ మూల ఒక్కటే అందుతుంది. ముగ్గు వేయాలన్న బుద్ధి పుట్టినందుకు సంతోషించాను. కానీ అవేం చుక్కలు? ఒక వరసా లేదు, ఒక లెక్కా లేదు. ఐదు చుక్కలు ఐదు దిక్కులకు పోతుంటే వాటి చుట్టూ మెలికలు తిప్పింది.

వచ్చినవి 63. తుడిచినవి 63.

దుమారం 8వ రోజు

భోజనాల హాల్లో గోడకు పెద్ద తెర ఉంది. దుమారం రోజుల్లో జనం దిగులుపడి కూచుంటారని, తుడిచిన కిటికీ ఫోటోలన్నీ దాని మీద వేయడం నేనే మొదలుపెట్టాను. అద్దాలవాళ్లకు వెళ్లే ఫోటోనే తెర మీదకూ వెళుతుంది. రెండుసార్లు చేసేంత కరెంటు లేదు. పిల్లలు కిటికీలకు కాగితం పూలు అంటిస్తారు, పెద్దవాళ్లు పసుపు బొట్లు పెడతారు. అన్నం తింటూ అందరూ అందరి కిటికీలూ చూసుకుంటారు.

ఇవాళ నాచు పచ్చడి వడ్డించే ఆవిడ గరిటె గాల్లో ఆపి తెర వైపు చూసింది.

"ఆ ఇరవయ్యేడు మీ కోడలిదేనాండి?"

"అవునండి."

"ముగ్గేనాండి అది?"

"ముగ్గే."

"అదే అనుకున్నాను లెండి. చుక్కలు చూస్తే అక్షింతలు చల్లినట్టున్నాయి."

బల్ల దగ్గర నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.  ఈ ఊళ్లో ఇరవై ఒక్క చుక్కల ముగ్గు చెయ్యి ఎత్తకుండా వేసేది నేనొక్కదాన్నే. నా కోడలి ముగ్గు చూసి ఊరు నవ్వడమా?

గదికి తిరిగి వచ్చి సాఫ్ట్‌వేర్‌కి కొత్త పాఠం చెప్పాను. నా పాత ముగ్గుల ఫోటోలు ఇరవై దానికి చూపించి, చుక్కలంటే ఇలా వరసలో ఉంటాయి, వరస తప్పినవి నలుసులు, వాటిని తీసెయ్యి, ముగ్గు గీతలను ఉన్నవాటికి సర్దు అన్నాను. అది బుద్ధిగా నేర్చుకుంది. సాయంత్రానికి ఇరవై ఏడో కిటికీలో మూడు వరసల ముచ్చటైన ముగ్గు కూచుంది.

వచ్చినవి 63. తుడిచినవి 63.

దుమారం 11వ రోజు

బుల్లబ్బాయి గారు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆయన మెచ్చుకోవడం ఏడాదికి ఒకసారి జరుగుతుంది కాబట్టి తారీకుతో సహా ఇక్కడ రాసుకుంటున్నాను.

"ఇంత మసకలో కూడా మీ ఫోటోలు అద్దంలా ఉన్నాయండి, భ్రమరాంబ గారు. మావోళ్లకి పని తేలికైపోయింది."

"అద్దం ఫోటో అద్దంలా ఉండక మరెలా ఉంటుందండి?"

"ఆయ్, అదీ నిజమే."

తర్వాత హైమతో మాట్లాడాను. ఒళ్లెలా ఉంది, తిన్నావా, కాళ్లు వాచాయా అని అడిగాను. అన్నింటికీ బానే ఉందండి అంది. ముగ్గు సంగతి నేను ఎత్తకపోయినా తనే ఎత్తింది.

"ఇయ్యాళ బాగా కుదిరిందండి అత్తయ్యగారూ. చుక్కలు కూడా ఎక్కువే. నిన్నటి కంటే పెద్దది."

గొప్పలు పోతోందనుకుని, మంచిదమ్మా, పడుకో అన్నాను. పొద్దున్నే ఆ ముగ్గు సర్దడానికి నాకు పావుగంట పట్టిందని చెప్పలేదు.

వచ్చినవి 63. తుడిచినవి 63.

దుమారం 16వ రోజు

గదుల్లో వేడి ఇంకో రెండు గీతలు తగ్గించారు. రెండు శాలువాలు కప్పుకుని పనిచేస్తున్నాను. గాలి జల్లెడలు రోజుకు మూడుసార్లు దులపాల్సి వస్తోంది. ఊళ్లో సగం మందికి దగ్గు, దాంతో ఫోటో తీసేటప్పుడు చెయ్యి కదులుతోంది. పదకొండో కిటికీ పెద్దాయన పంపిన ఫోటోలో అద్దం బదులు ఆయన బొటనవేలు ఉంది. దాన్ని ఎంత తుడిచినా బొటనవేలే.

ఇరవై ఏడులో చుక్కలు ముప్ఫై దాటాయి. మూల నుంచి విసనకర్ర విప్పినట్టు పైకి పాకుతున్నాయి. ఆ అమ్మాయికి ఓపిక ఎక్కువ, లెక్క తక్కువ. ఈసారి సాఫ్ట్‌వేర్ కూడా విసుక్కుంది, ఇన్ని నలుసులు తీయాలా వద్దా అని రెండుసార్లు అడిగింది. తియ్యమన్నాను.

కాన్పు అయ్యాక దగ్గర కూచోబెట్టుకుని ఒక్క ముగ్గయినా నేర్పాలి. లేకపోతే నా మనవలు కూడా అక్షింతలు చల్లుతారు.

వచ్చినవి 63. తుడిచినవి 63.

దుమారం 19వ రోజు

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు పెన్ను పట్టుకుని కూచున్నాను. రాస్తాను. బుల్లబ్బాయి గారు కూడా చదవాలి.

మధ్యాహ్నం పని త్వరగా తెమిలింది. కాన్పు దాకా ఎందుకు, ఫోన్లోనే నేర్పుదామని హైమకు చేశాను.

"చూడమ్మా, ముగ్గంటే ముందు చుక్కలు. మధ్య వరసలో ఐదు పెట్టు. దానికి పైన నాలుగు, కింద నాలుగు. చుక్కకీ చుక్కకీ బెత్తెడు దూరం. చుక్క కుదరకపోతే ఎంత తిప్పినా ముగ్గు కుదరదు. నువ్వు ఎక్కడ పడితే అక్కడ పెడుతున్నావు."

"నేనెక్కడ పెట్టేనండి?" అంది హైమ. "అద్దంలో ఉన్నయ్యే కదండి. ఊరికే కలుపుతున్నానంతే."

"అద్దంలో ఉన్నవేంటి?"

"అదేనండి, కిటికీకి ఉంటాయి కదా చుక్కలు. మొదట్లో ఐదే ఉండేయండి. తర్వాత రోజూ వస్తన్నాయి. ఇయ్యాళ లెక్కెడితే నలభయ్యొకటి. మా సొరంగంలో కిటికీల్లేవు కదండి, కిటికీ అంటే ఇలాగే ఉంటదేమో అనుకున్నాను."

  పద్నాలుగు రోజులుగా ఆ పిల్ల ప్రతి పొద్దున్నా అద్దంలో పుట్టిన చుక్కలన్నీ నాకు చూపిస్తూనే ఉంది. వాటి చుట్టూ గీత గీసి మరీ చూపించింది. నేను వాటిని ఒక్కొక్కటే ఏరి పారేసి, శుభ్రమైన అద్దాన్ని అద్దాలవాళ్లకు పంపాను.

ఎస్తేరు గారిని పిలవమన్నాను. తడిగుడ్డతో అద్దం తుడవమన్నాను.

"ముగ్గు పోయిందండి," అన్నారావిడ. "చుక్కలు పోలేదు. గోరుతో గీకేను, చేతికేం తగల్లేదండి. లోపలెక్కడో ఉన్నట్టున్నాయి."

"మంచం కిటికీ నుంచి దూరంగా జరపండి. ఆ అమ్మాయిని గదిలోంచి తీసుకెళ్లిపోండి."

"మంచం జరుపుతానండి. గదిలోంచి ఎలాగండి? బయట నడవాలో రెండు డిగ్రీలుంది. ఈ స్థితిలో ఆ చలిలోకి తీసుకెళ్తే నొప్పులు మొదలైపోతాయి. మేస్త్రీ గారు వేడి వదిలితే తీసుకెళ్తాను."

బుల్లబ్బాయి గారికి ఫోన్ చేశాను. చెప్పినదంతా విన్నారు.

"మీరు పొద్దున్న పంపిన ఫోటో నా ముందే ఉందండి. అద్దం కడిగిన పళ్లెంలా ఉంది."

"కడిగింది నేనండి. అద్దం అలా లేదు."

"అంటే?"

"చుక్కలన్నీ నేనే చెరిపేనండి, కోడలి ముగ్గు బాలేదని. ఎనిమిదో రోజు నుంచి చెరుపుతున్నాను."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది.

"భ్రమరాంబ గారు, నడవాకి వేడి వదిలితే పడమటి గుమ్మటం మొత్తం మూడు గంటలు గడ్డకట్టిపోద్ది. అక్కడ పసిపిల్లలున్నారు, దగ్గుతో పడున్న ముసలోళ్లున్నారు. బయట అంటుకున్న ధూళి కూడా లోపల తుడిస్తే పోదు కదండి. అది ధూళి కాదని నాకు చూపించండి, ఆ నిమిషమే వదుల్తాను."

ఆయన అన్నది న్యాయమే. కానీ చూపించడానికి నా దగ్గర ఏముంది? అసలు ఫోటోలన్నీ నా చేత్తోనే చెరిపేశాను. మళ్లీ హైమకు చేశాను. 

"హైమా, నువ్వు పంపిన ఫోటోలు నీ దగ్గరేమైనా ఉన్నాయా?"

"అన్నీ ఉన్నాయండి. మూడో రోజు నుంచీ దాచుకున్నాను."

"ఎందుకు దాచుకున్నావే?"

"నా మొదటి కిటికీ కదండి."

పదిహేడు ఫోటోలు పంపింది. నలుసులతో, మసకతో, దగ్గుకు కదిలిన చేతులతో, ఎలా తీసినవి అలాగే. నా జీవితంలో అంత అందమైన ఫోటోలు చూడలేదు.

నాకు చేతనైన పని ఒక్కటే ఉంది. మామూలు రోజుల్లో మూడు పేర్చేదాన్ని, ఇవాళ పదిహేడు పేర్చాను. కిటికీ చట్రానికి నాలుగు మూలలా నాలుగు బోల్టులుంటాయి, వాటిని పట్టుకుని ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూచోబెట్టాను. రెండుసార్లు తప్పు కూచోబెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఫోన్ పెట్టెయ్యొద్దని హైమ అడిగింది, పెట్టలేదు.

"అత్తయ్యగారూ, భయపడాలాండి?"

"ఎస్తేరు గారి చెయ్యి పట్టుకో. నేను పని చేస్తున్నాను."

"మీరు మాట్లాడుతూ ఉండండి, చాలు."

ఏం మాట్లాడాలో తెలియక ఇరవై ఒక్క చుక్కల ముగ్గు ఎలా వేస్తారో మొదటి వరస నుంచి చెప్పుకుంటూ పోయాను. ఆ పిల్ల ఊ కొడుతూ ఉంది.

రోజూ మారే నలుసులు పోయాయి. రోజుకో రకంగా వేసిన సుద్దగీతలు కూడా కరిగిపోయాయి. చుక్కలు మాత్రం ఉన్నచోటే నిలబడ్డాయి. మొదటి ఐదు రోజులవి విడిగా, మధ్యవి విడిగా, చివరివి విడిగా పేర్చి మూడు బొమ్మలు చేశాను. మొదటిదాంట్లో ఐదు చుక్కలు, రెండోదాంట్లో పద్దెనిమిది, మూడోదాంట్లో నలభై ఒకటి. ముందున్నవి ఒక్కటీ కదల్లేదు, పోలేదు. కొన్ని లావెక్కాయి. రెండు చోట్ల ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. నలభై నిమిషాలు పట్టింది. మూడు బొమ్మలూ బుల్లబ్బాయి గారికి పంపాను.

ఆయన ఒక్క మాటే అన్నారు.

"వేడి వదుల్తున్నానండి. ఎస్తేరమ్మకి చెప్పండి."

పరుపుతో సహా నలుగురు ఎత్తి, ఒక్క కుదుపు లేకుండా ఆస్పత్రి గదికి చేర్చారు. పడమటి గుమ్మటం జనం దుప్పట్లు కప్పుకుని మూడు గంటలు వణికారు. వాళ్లలో ఇద్దరు తమ దుప్పట్లు తెచ్చి హైమ మీద కప్పారట. అద్దాలవాళ్లు ముగ్గురూ దుమారంలోకి వెళ్లి ఆ కిటికీకి బయటి నుంచి ఇనప మూత బిగించి వచ్చారు. నొప్పులు రాలేదు. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని ఎస్తేరు గారు నాకు ఫోన్లో వినిపించారు. అది విన్నాక ఏడ్చాను.

వచ్చినవి 63. తుడిచినవి 63. వాటిలో ఒకటి తుడవకూడనిది.

దుమారం 20వ రోజు

పొద్దున్న టీ వేళకు ఇరవై ఏడో కిటికీ లోపలి అద్దం ఊడిపడింది. ముక్కలన్నీ మంచం ఉండే చోట పడ్డాయట. ఇనప మూత ఆగింది, గాలి చుక్క కూడా పోలేదు. గదిలో ఎవరూ లేరు.

గదిలో ఎవరూ లేరు అన్న మాట ఇంకోసారి రాసుకుంటున్నాను. ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరడం లేదు.

బుల్లబ్బాయి గారు వివరం చెప్పారు. అద్దం మూడు పొరలు. పొరకీ పొరకీ మధ్య జిగురు ఉంటుంది. వేడి తగ్గించాక చలికి మూల దగ్గర అంచు పట్టు వదిలింది. అక్కడి నుంచి గది గాలి పొరల్లోకి దూరి జిగురులో బుడగలు కట్టింది. ఆ బుడగలే చుక్కలు. అన్నీ కలిసిపోతే పొర ఊడుతుంది.

"ఇంకో పూట ఆగుంటే?" అని అడిగాను.

"ఆ లెక్క మీరూ వెయ్యకండి, నేనూ వెయ్యను," అన్నారాయన. "టీ తాగేరా?"

తాగలేదని చెబితే, తాగి అప్పుడు పనిలో కూచోమన్నారు.

వచ్చినవి 62. తుడిచినవి 62.

దుమారం 24వ రోజు

జరిగింది భోజనాల హాల్లో నేనే నిలబడి అందరికీ చెప్పాను. బుల్లబ్బాయి గారు అక్కర్లేదన్నారు. నాకు అక్కర ఉంది. నా కోడలి ముగ్గు బాలేదని సిగ్గుపడి చుక్కలు చెరిపాను, దానితో ఆ పిల్ల ప్రాణం మీదికి తెచ్చాను అని చెప్పాను.  అక్షింతల మాట అన్న ఆవిడ గరిటె కింద పెట్టి ఏడ్చింది. మాట అన్నది మీరే కావచ్చు, చెరిపింది నేను కదా అన్నాను.

ఆ సాయంత్రం ఐదు ఇళ్లవాళ్లు నాకు ఫోన్ చేశారు. తమ ఫోటోల్లోనూ ఏమైనా తీసేశానేమో చూడమన్నారు. వాళ్లకు కోపం లేదు, భయం ఉంది. కోపం కంటే అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. అందరి చేతా మళ్లీ తీయించి, పేర్చి, ఒక్కొక్క అద్దం చూశాను. నలభై నాలుగో కిటికీలో రెండు బుడగలు దొరికాయి. అక్కడ కూడా మూత బిగించారు.

ఇకపై కరెంటు ఉన్నా లేకపోయినా ఇంటికి మూడు ఫోటోలు. అసలు ఫోటోలు చెరపకూడదు. తెర మీదకు వెళ్లేది వేరు, అద్దాలవాళ్లకు వెళ్లేది వేరు. ముగ్గు పాఠం నేనే సాఫ్ట్‌వేర్‌లోంచి తీసేశాను. నన్ను ఈ పనిలోంచి తీసెయ్యమని కూడా అడిగాను.

"తీసేస్తే ఇంకోసారి అలా పదిహేడు ఎవరు పేరుస్తారండి?" అన్నారు బుల్లబ్బాయి గారు. అక్కడితో ఆ మాట ముగించారు.

వచ్చినవి 183. తుడిచినవి 183.

దుమారం 31వ రోజు

దుమారం పల్చబడింది. ఆకాశంలో సూర్యుడు రాగి బిళ్ల మోస్తరుగా కనిపించాడు. రెండు గుమ్మటాల మధ్య దారి తెరిచారు. నేను మొదట ఆస్పత్రి గదికే వెళ్లాను.

దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. హైమ మొహం చూసేసరికి ఒక్క ముక్కా గుర్తులేదు.

"నన్ను క్షమించమ్మా," అన్నాను.

"కూచోండి అత్తయ్యగారూ. మీరు నిలబడితే నాకు లేవాలనిపిస్తది, లేవకూడదు."

కూచున్నాను. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

"మీరు సర్దుతున్నారని నాకు మొదట్నించీ తెల్సండి. గోడ మీద తెర బొమ్మ నా ఫోన్లోనూ వస్తది కదా. నేనేసిందొకటి, అక్కడుండేదొకటి. నాకు చెప్పకుండా నేర్పుతున్నారేమో అనుకున్నానండి. మీరు తీసేసిన చుక్కలు మర్నాడు కలపకుండా వదిలేద్దామని కూడా చూసేను. కానీ అయ్యి అక్కడే ఉండేయి. ఉన్నదాన్ని లేనట్టు ఎలా వదిలెయ్యడం అనిపించి మళ్లీ కలిపేను."

 ఆ పిల్ల చెయ్యి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. పోపు చివర వేసినా ఇక ఏమీ అనకూడదనుకున్నాను. అంటానేమో తెలియదు, అనకూడదని మాత్రం అనుకున్నాను.

"కొత్త అద్దాలు వేసేరంటండి, నా గదికీ ఆ నలభై నాలుగో దానికీ," అంది. "ఎస్తేరు గారు ఫోటో చూపించేరు. ఒక్క చుక్క లేదు. ఇప్పుడు నాకు ముగ్గెలా వెయ్యాలో తెలీదండి."

ఇద్దరం నవ్వాం. పలక తెప్పించి, మధ్య వరసలో ఐదు చుక్కలు పెట్టించాను. మూడోది పక్కకు పోయింది. ఉండనిచ్చాను.

వచ్చినవి 189. తుడిచినవి 189.

దుమారం పోయిన 12వ రోజు

నిన్న సాయంత్రం నాలుగింటికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. తారకం మకాం నుంచి మూడు రోజుల ముందే వచ్చాడు. దుమారంలో నెలరోజులు పలకలు తుడిచినవాడు పిల్లను చేతిలో పెడితే వణికిపోయాడట.

ఆస్పత్రి గదిలోకి వారం దాకా ఎవరినీ రానివ్వరు. నాకు ఫోటో పంపమన్నాను. వాడు ఒకటి పంపాడు. మసక, నలుసులు, పక్కకి ఒరిగిపోయిన దుప్పటి. మొహం ఉన్నచోట ఎర్రటి ముద్ద. ముక్కు మీద, బుగ్గల మీద తెల్లటి చుక్కలు.

వెంటనే ఫోన్ చేశాను.

"ఒక్కటి కాదురా. మూడు తియ్యి."

"పడుకుందమ్మా."

"పడుకున్నప్పుడే తియ్యి. కదలదు."

ఇంకో రెండు వచ్చాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టుకున్నాను. మసక ఒక్కోదాంట్లో ఒక్కో రకంగా ఉంది. నలుసులు ఎక్కడివక్కడ మారిపోయాయి. తెల్లచుక్కలు మాత్రం మూడింటిలోనూ ఒకే చోట ఉన్నాయి. ముక్కు మీద ఏడు, ఎడమ బుగ్గ మీద నాలుగు, కుడి బుగ్గ మీద రెండు. ఒక వరసా లేదు, ఒక లెక్కా లేదు.

ఎస్తేరు గారిని అడిగాను. పుట్టిన పిల్లలకు అలాంటి చిన్న పొక్కులు వస్తాయని, నెల తిరిగేసరికి వాటంతటవే పోతాయని, ఏమీ చెయ్యక్కర్లేదని చెప్పారు.

సాఫ్ట్‌వేర్ అడిగింది, తుడవమంటావా అని. వద్దన్నాను. మూడూ ఉన్నవి ఉన్నట్టే భోజనాల హాల్లో తెర మీద వేశాను. పచ్చడి వడ్డించే ఆవిడ చాలాసేపు చూసింది.

"మీ మనవరాలాండి?"

"అవునండి."

"చుక్కలున్నాయి."

"ఉన్నాయండి," అన్నాను. "పదమూడు."

వచ్చినవి 192. తుడిచినవి 189.